ప్రతిసారీ ఆ ఇద్దరే గెలిచే గోల్ఫ్ పోటీని ఎనిమిది మందిదీ చేయడం ఎలా?

మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. ఎనిమిది మంది స్నేహితులు నెలకోసారి తెల్లవారుజామునే బయల్దేరి హైదరాబాద్ వెళ్లి 18 హోల్స్ ఆడుతున్నారు. ఇద్దరు 85 షాట్ల చుట్టుపక్కల కొడతారు. ముగ్గురిది 100 దగ్గర ఆగుతుంది. మిగతా ముగ్గురు కొత్తవాళ్లు, 115 నుంచి 120 దాకా పోతారు. ఏడాదిగా గెలుపు ఆ మొదటి ఇద్దరి మధ్యే తిరుగుతోంది. ఇద్దరు కొత్తవాళ్లు ఇక రామంటున్నారు. పోయిన నెల రెండడుగుల పట్ (గుంట దగ్గర బంతిని మెల్లగా దొర్లించే షాట్) దగ్గర మాటా మాటా పెరిగింది. ఎవరికీ అధికారిక హ్యాండీక్యాప్ (ఆట స్థాయిని బట్టి స్కోరులోంచి తగ్గించే షాట్ల సంఖ్య) లేదు. స్నేహం చెడకుండా, పోటీ చప్పబడకుండా ఎలా నడపాలన్నది ఆయన అడుగుతున్నది.

నాది నల్గొండ. సైన్యంలో ఉన్న రోజుల్లో మిలిటరీ స్టేషన్ల గోల్ఫ్ కోర్సుల మీద ఆట నేర్చుకున్నాను. రిటైరై ఊరికొచ్చాక ఇక్కడ పదకొండు మందిమి కలిశాం. ఒక డాక్టర్ గారు, మిర్యాలగూడ వైపు రైస్ మిల్లు ఉన్న ఒకాయన, డిగ్రీ కాలేజీలో చెప్పే మేడమ్, ఇద్దరు కాంట్రాక్టర్లు, ఇలా రకరకాల వాళ్లం. పన్నెండేళ్లకు పైగా మా లెక్కల పుస్తకం నా దగ్గరే ఉంది. మీరు రాసిన ప్రతి సమస్యా మాకూ వచ్చింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు మా అనుభవం. మొదటి రెండేళ్లు మేమూ మీలాగే ఆడాం. మొత్తం షాట్లు కూడడం, తక్కువ వచ్చినవాడు గెలిచినట్టు. ఒకరోజు మాలో కొత్తగా చేరిన ఒక స్నేహితుడికి మూడో హోల్‌లోనే 14 షాట్లు పట్టాయి. మొదటి రెండు బంతులు చెట్లలోకి పోయాయి, తర్వాత బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, నాలుగు కొట్టాడు. ఆ తర్వాత పదిహేను హోల్స్ ఆయన మాతోపాటు నడిచాడంతే, ఆడలేదు. తిరుగు ప్రయాణంలో చౌటుప్పల్ దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మరుసటి నెల పని ఉందన్నాడు, ఆ పై నెల కూడా. మళ్లీ రాలేదు. ఆట రాక మానేయలేదు ఆయన. మూడో హోల్‌కే తన రోజు అయిపోయింది, ఇంకా నాలుగు గంటలు ఎండలో తిరగడానికి ఆయనకు కారణం లేదు. ఆ పోటీ పద్ధతి పెట్టింది నేనే, తప్పు నాదే. ఇది గుర్తొచ్చినప్పుడల్లా ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి తమ్ముడూ, మీరు వెతకాల్సింది ఎనిమిదో ఆటగాడికి కూడా 17వ హోల్ టీ (మొదటి షాట్ కొట్టే చోటు) మీద నిలబడినప్పుడు గెలిచే దారి కనపడే పద్ధతి. గోల్ఫ్‌లో దీనికి కావలసినవన్నీ ఉన్నాయి. వేరే ఏ ఆటలోనూ ఇంత సౌకర్యం లేదు. షటిల్‌లో బాగా ఆడేవాడికీ కొత్తవాడికీ మ్యాచ్ పెడితే ఇద్దరికీ విసుగే. గోల్ఫ్‌లో మాత్రం 85 కొట్టేవాడు, 120 కొట్టేవాడు ఒకే ఉదయం నిజంగా పోటీపడగలరు. దానికి రెండు పనులు చేయాలి: నమ్మకమైన హ్యాండీక్యాప్ తయారు చేసుకోవాలి, మొత్తం షాట్లు కూడే పద్ధతి మానేయాలి.

హ్యాండీక్యాప్ సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే గొడవలన్నీ అక్కడే పుడతాయి. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే హ్యాండీక్యాప్ పద్ధతి నడుస్తోంది. దాని లెక్క రహస్యమేమీ కాదు, మీరే వేసుకోవచ్చు. వచ్చే మూడు రౌండ్లు పోటీ ఏమీ పెట్టకుండా అందరూ కార్డు నింపండి. కొత్తవాళ్లకు ఒక హోల్‌లో పార్‌కు (ఆ హోల్‌కు నిర్ణయించిన షాట్ల సంఖ్యకు) 5 మించి రాయవద్దు. పార్ 4 హోల్‌లో 9 దాటితే బంతి ఎత్తేసి 9 వేసుకోవడమే. దీనివల్ల ఒక్క చెడ్డ హోల్ మొత్తం లెక్కను పాడుచేయదు, వెనక వచ్చేవాళ్లూ ఆగరు. మూడు కార్డులు అయ్యాక మొత్తం పార్‌తో తేడాలు చూసి, అన్నిటికన్నా తక్కువ దాన్ని తీసుకుని అందులోంచి 2 తీసేయండి.

ఉదాహరణకు మీ కొత్త స్నేహితుడికి 118, 122, 115 వచ్చాయనుకుందాం. పార్ 72 అయితే తేడాలు 46, 50, 43. తక్కువది 43, అందులోంచి 2 పోతే 41. అదే ఆయన హ్యాండీక్యాప్. నాలుగో కార్డు వచ్చాక తక్కువ దాంట్లోంచి 1 తీస్తారు, ఐదో కార్డుకు ఏమీ తీయరు. ఆరు అయితే తక్కువ రెండిటి సగటులోంచి 1, ఏడు, ఎనిమిది కార్డులకు ఆ రెండిటి సగటే. అలా కార్డులు పెరిగేకొద్దీ ఎక్కువ రౌండ్లు లెక్కలోకి వస్తాయి. ఇరవై నిండాక చివరి 20లో మంచి 8 రౌండ్ల సగటు. ఎవరికైనా 54కు మించి ఉండదు.

ఇక్కడొక మాట మీ వాళ్లకు ముందే చెప్పి ఉంచండి. ఈ లెక్క మామూలు రోజుల సగటు కాదు, మంచి రోజుల సగటు. అందుకని ఎవరైనా తన హ్యాండీక్యాప్‌కు తగ్గట్టు ఆడటమంటే ఆ రోజు బాగా ఆడినట్టే. ఇది తెలియక మా కాంట్రాక్టర్ ఒకాయన ఆరు నెలలు "నా హ్యాండీక్యాప్ తప్పు వేశారు, నేనెప్పుడూ దాన్ని అందుకోలేకపోతున్నా" అని బాధపడ్డాడు. కూర్చోబెట్టి ఆయన కార్డులన్నీ ముందు పెట్టి చూపిస్తే అర్థమైంది.

మీరు ఎప్పుడూ ఒకే కోర్సులో, ఒకే టీ నుంచి ఆడుతుంటే పార్‌తో వేసిన ఈ లెక్క సరిపోతుంది. కోర్సులు మారుస్తుంటే మాత్రం స్కోర్‌కార్డు మీద ఉండే కోర్సు రేటింగ్ (బాగా ఆడేవాడికి అక్కడ పట్టే షాట్ల అంచనా), స్లోప్ అంకెలు వాడాలి. స్లోప్ 55 నుంచి 155 దాకా ఉంటుంది, మధ్యస్థం 113. ఎంత ఎక్కువైతే మామూలు ఆటగాడికి ఆ కోర్సు అంత కష్టం. గోల్కొండ నయా ఖిలా గోడల పక్కన ఆడే రౌండ్ వేరు, గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ రాతిగుండ్ల మధ్య ఆడే రౌండ్ వేరు. బంతి గుండుకు తగిలితే ఎటు ఎగురుతుందో చెప్పలేం. ఒకచోట తెచ్చుకున్న అంకెను ఇంకోచోట అలాగే వాడితే న్యాయం కాదు. లెక్క ఇంతే: స్కోరులోంచి కోర్సు రేటింగ్ తీసి, 113తో గుణించి, స్లోప్‌తో భాగిస్తే ఆ రౌండ్ విలువ వస్తుంది. ఆడే రోజున తిరగేసి వేయాలి. ఇలా వచ్చిన హ్యాండీక్యాప్ (దీన్నే హ్యాండీక్యాప్ ఇండెక్స్ అంటారు) 20 ఉన్నవాడు స్లోప్ 130 ఉన్న కోర్సుకు వెళ్తే 20ని 130తో గుణించి 113తో భాగిస్తే 23. ఆ కోర్సు రేటింగ్ 71, పార్ 72 అయితే ఒకటి తగ్గి 22. మా కాలేజీ మేడమ్ ముందు టీ నుంచి ఆడతారు, మేం వెనక టీ నుంచి. ఈ లెక్క వాడటం మొదలుపెట్టాక ఆవిడకు ఎక్కువ ఇస్తున్నామా తక్కువ ఇస్తున్నామా అన్న చర్చే రాలేదు.

ఇక పోటీ పద్ధతి. మీ మామూలు నెలలకు నేను చెప్పేది స్టేబుల్‌ఫోర్డ్. ఇంగ్లండ్‌లో వాలసీ అనే ఊరి క్లబ్బులో డాక్టర్ ఫ్రాంక్ స్టేబుల్‌ఫోర్డ్ 1932లో దీన్ని పోటీగా పెట్టారు. అక్కడ సముద్రపు గాలికి మొదటి హోల్స్‌లోనే స్కోరు పాడై జనం మనసు విరిగి ఆడటం మానేస్తుంటే, వాళ్ల కోసం ఆలోచించిన పద్ధతి. మన సమస్యా సరిగ్గా అదే కదా. ఇందులో షాట్లు కూడరు, హోల్‌కు పాయింట్లు ఇస్తారు. మీకు వచ్చే హ్యాండీక్యాప్ షాట్లు తీసేశాక పార్ వస్తే 2 పాయింట్లు, బోగీకి (పార్ కన్నా ఒకటి ఎక్కువ) 1, బర్డీకి (ఒకటి తక్కువ) 3, ఈగిల్‌కు (రెండు తక్కువ) 4. బోగీ కన్నా ఎక్కువ షాట్లు పడితే సున్నా, ఎన్ని పడినా సున్నాయే. 14 కొట్టినవాడికీ సున్నా, 8 కొట్టినవాడికీ సున్నా. తర్వాతి హోల్ కొత్తగా మొదలవుతుంది.

ఎవరికి ఏ హోల్‌లో ఎన్ని షాట్లు వస్తాయన్నది స్కోర్‌కార్డు మీద స్ట్రోక్ ఇండెక్స్ చెప్తుంది. 1 అని ఉంటే మొదట షాట్ ఇవ్వాల్సిన హోల్, 18 అంటే చివర ఇవ్వాల్సింది. మీ మొదటి ఇద్దరిలో ఒకాయన హ్యాండీక్యాప్ 11 అనుకుంటే, ఆయనకు ఇండెక్స్ 1 నుంచి 11 దాకా ఒక్కో షాట్. 25 ఉన్నవారికి అన్ని హోల్స్‌లో ఒక్కోటి, ఇండెక్స్ 1 నుంచి 7 దాకా ఇంకొకటి. 41 ఉన్న కొత్తవారికి అన్నిట్లో రెండేసి, మొదటి 5 ఇండెక్సుల్లో మూడేసి. ఇప్పుడు ఇండెక్స్ 4 ఉన్న పార్ 4 హోల్ చూడండి. మొదటాయన 5 కొట్టాడు, రెండో ఆయన 6, కొత్తాయన 7. ముగ్గురికీ హ్యాండీక్యాప్ పోగా 4 వచ్చింది, ముగ్గురికీ 2 పాయింట్లు. ఆ 7 కొట్టిన మనిషి ముఖంలో సంతోషం చూడండి ఒకసారి. పాత పద్ధతిలో ఆయన రెండు షాట్లు వెనకబడ్డట్టు, ఇందులో ఆ హోల్‌లో ఏడాది విజేతతో సమానం.

పెద్ద పోటీల్లో స్టేబుల్‌ఫోర్డ్‌కు హ్యాండీక్యాప్‌లో 95 శాతం ఇవ్వమంటారు. అది కనీసం 30 మంది ఆడే పోటీని దృష్టిలో పెట్టుకుని చెప్పిన సంఖ్య. మీరు ఎనిమిది మందే కాబట్టి పూర్తిగా ఇచ్చేయండి.

మూడు నెలలకోసారి మాత్రం జంటల మ్యాచ్ పెట్టండి. మాలో అందరూ ఎదురుచూసేది దీనికోసమే. హ్యాండీక్యాప్ ప్రకారం వరుస వేసి మొదటివారికి ఎనిమిదో వారిని, రెండోవారికి ఏడో వారిని, అలా జత చేయండి. మీ ఎప్పుడూ గెలిచే ఇద్దరూ ఒక జట్టులో ఉండకూడదు, ఏ ఇద్దరు కొత్తవాళ్లూ ఒక జట్టులో ఉండకూడదు. ప్రతి హోల్‌లో జంటలో మంచి స్కోరు ఒక్కటే లెక్క. హోల్ గెలిస్తే ఒకటి పైకి, ఓడితే ఒకటి కిందికి. దీనికి ఒక్కొక్కరి హ్యాండీక్యాప్‌లో 90 శాతం తీసుకుని, నలుగురిలో తక్కువ ఉన్నవారిని సున్నా చేసి మిగతావారికి తేడా ఇవ్వాలి. 11, 41 ఒక జంట, 13, 38 ఇంకో జంట అనుకుందాం. 90 శాతం వేస్తే 10, 37, 12, 34. పదిని సున్నా చేస్తే వరుసగా 0, 27, 2, 24.

అచ్చంగా ఈ అంకెలతోనే మా మ్యాచ్ ఒకటి జరిగింది, అది చెప్పకుండా ఉండలేను. మిల్లు ఓనర్ బాబాయ్, డాక్టర్ గారు ఒక జంట. 15 హోల్స్ అయ్యేసరికి ఇద్దరూ ఒక హోల్ వెనక. 16వ హోల్ పార్ 4, ఇండెక్స్ 4. డాక్టర్ గారి రెండో షాట్ బంకర్ పెదవి కింద ఇరుక్కుంది, ఆయన ఆశ వదిలేశారు. మిల్లు బాబాయ్‌కి ఆ హోల్‌లో రెండు షాట్లు ఉన్నాయి. ఆయనకు 6 వస్తే చాలని డాక్టర్ గారు వేళ్లతో లెక్కపెట్టి చెప్పారు. బాబాయ్ పెద్ద కర్ర లోపల పెట్టేసి చిన్న ఐరన్‌తో తడబడకుండా నెట్టుకుంటూ నాలుగు షాట్లకు గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఎక్కాడు, రెండు పట్లు. 6, రెండు పోగా 4. అవతల బాగా ఆడేవాడిది 5, ఆయనకు అక్కడ షాట్ లేదు. ఇంకొకరిది 7, రెండు పోతే 5. హోల్ బాబాయ్ జంటది, మ్యాచ్ సమం. డాక్టర్ గారు బాబాయ్‌ని ఎత్తుకున్నారు. జిల్లాలో పేరున్న సర్జన్, తనకన్నా ఎంతో వెనకబడి ఆడే మనిషికి ఆ క్షణంలో నిజంగా రుణపడ్డారు. బాబాయ్ ఆ తర్వాత మా మిర్యాలగూడ వైపు వాళ్లను ఇంకో ముగ్గురిని ఆటలోకి తెచ్చాడు.

ఇప్పుడు మీ రెండడుగుల పట్ గొడవ. ఇది చిన్న విషయం కాదు, దీని మీదే మంచి గుంపులు విరిగిపోతాయి. చాలామందికి తెలియనిది ఏమిటంటే, పట్ ఇచ్చేయడం, అంటే కొట్టకుండానే గుంటలో పడినట్టు ఒప్పుకోవడం, రూల్స్‌లోనే ఉంది, కానీ హోల్ హోల్‌కూ గెలుపోటములు తేల్చే మ్యాచ్ ఆటలో మాత్రమే. అక్కడ మీ ప్రత్యర్థి తర్వాతి షాట్‌ను, లేదా హోల్‌ను మీరు ఇచ్చేయవచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం లేదు, అవతలివాడు వద్దనడమూ లేదు. అడగడం మర్యాద కాదు, ఇచ్చేవాడు నోరు తెరిచి "ఇచ్చాను" అని స్పష్టంగా అనాలి. తల ఊపితే చెల్లదని మేం పెట్టుకున్నాం. స్టేబుల్‌ఫోర్డ్‌లో, మొత్తం షాట్ల ఆటలో అలా ఇవ్వడం లేదు. పాయింట్ రావాలంటే బంతి గుంటలో పడాలి. ఒకటిన్నర అడుగైనా సరే. పాయింట్ వచ్చే అవకాశం పోతే బంతి ఎత్తుకోండి, అది వేరు. మీ గొడవకు కారణం ఎవరి స్వభావమో కాదనుకుంటాను. ఏ ఆట ఆడుతున్నారో, అందులో ఇవ్వడం ఉందో లేదో టీ మీద చెప్పుకోకపోవడమే.

మ్యాచ్‌లో ఎప్పుడు ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వకూడదన్నది మనిషి గుణం మీద ఉంటుంది. 1969లో ఇంగ్లండ్‌లోని రాయల్ బిర్క్‌డేల్‌లో, రైడర్ కప్ అనే జట్ల పోటీలో చివరి మ్యాచ్, చివరి గ్రీన్. అమెరికా తరఫున జాక్ నిక్లాస్, బ్రిటన్ తరఫున టోనీ జాక్లిన్. జాక్లిన్‌కు ఇంకా ఒక చిన్న పట్ మిగిలి ఉంది, అది తప్పితే బ్రిటన్ ఓడిపోతుంది. నిక్లాస్ ఆ పట్‌ను కొట్టనివ్వకుండా ఇచ్చేశాడు. కప్ 16-16తో సమమైంది. సొంత జట్టులో కొందరికి అది నచ్చలేదు. అయినా యాభై ఏళ్లు దాటాక కూడా ఆ రోజు గురించి మాట్లాడేవాళ్లు ఆ పట్ గురించే మాట్లాడతారు. మా గుంపులో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ నేను ఈ కథ చెప్తాను.

పోయిన బంతి గురించి కూడా ముందే తేల్చుకోండి. వెతకడానికి 3 నిమిషాలే, 2019కి ముందు 5 ఉండేది. దొరక్కపోతే వెనక్కి వెళ్లి ఒక షాట్ శిక్షతో మళ్లీ కొట్టాలి. ఇది టైమ్ తినేస్తుంది. కాబట్టి స్నేహపూర్వక రౌండ్లకు లోకల్ రూల్‌గా అనుమతించిన ఇంకో దారి వాడండి: బంతి పోయిన చోటికి దగ్గరగా ఫెయిర్‌వే (టీ నుంచి గ్రీన్ దాకా గడ్డి కోసి ఉంచే దారి) మీద రెండు షాట్ల శిక్షతో డ్రాప్ చేసి ముందుకు పోవడం. మ్యాచ్ ఆటలో ఇది వద్దు, అక్కడ హోల్ ఇచ్చేసినా ఒక హోలే కదా పోయేది. ముల్లిగన్, అంటే మొదటి షాట్ నచ్చకపోతే ఇంకొకటి కొట్టుకోవడం, రూల్స్‌లో ఎక్కడా లేదు. మేం పూర్తిగా ఆపేశాం. దాన్ని అడిగేది ఎప్పుడూ ధైర్యం ఉన్నవాళ్లే, మొహమాటపడేవాళ్లు అడగరు.

పొదల్లో బంతి కోసం చేయి పెట్టకండి, క్లబ్బుతో కదపండి. మన వైపు రక్తపింజరలు ఉంటాయి. మృగశిర కార్తె తర్వాత ఉరుము వినపడితే ఎవరు గెలుస్తున్నా సరే ఆట ఆపి లోపలికి వచ్చేయండి, చెట్టు కింద నిలబడవద్దు. పిడుగు భయం ఉంటే ఆట ఆపే హక్కు ఆటగాడికి రూల్సే ఇస్తాయి. మార్చి దాటాక ఆరింటికే ఆట మొదలుపెట్టండి. నలుగురు నలుగురు రెండు గుంపులుగా ఆడితే నాలుగున్నర గంటలు పడుతుంది, పదిన్నరకల్లా అయిపోవాలి. సిద్ధంగా ఉన్నవాడే ముందు కొట్టాలి, దూరం ఎవరిదన్న లెక్క స్టేబుల్‌ఫోర్డ్‌లో పట్టించుకోనక్కర్లేదు. అందరి సంచిలో ఓఆర్‌ఎస్, సీసాలో మజ్జిగ ఉండాలి.

కావాలని చెడుగా ఆడి హ్యాండీక్యాప్ పెంచుకునేవాళ్ల గురించి మీరు అడగలేదు, కానీ మీ కొత్త పద్ధతి మొదలైన ఆరు నెలలకు ఆ అనుమానం తప్పకుండా వస్తుంది. ఎవరినీ మొహం మీద అడగవద్దు. లెక్కే ఆ పని చేయాలి. అధికారిక పద్ధతిలోనే ఎవరైనా తన హ్యాండీక్యాప్ ఇండెక్స్ కన్నా 7 షాట్లు బాగా ఆడితే అదనంగా 1 తగ్గుతుంది, 10 లేదా అంతకన్నా ఎక్కువైతే 2 తగ్గుతుంది. మేం దాని మీద ఇంట్లో పెట్టుకున్న కట్టుబాటు ఒకటుంది. ఆ నెల గెలిచినవారికి తర్వాతి నెలకు హ్యాండీక్యాప్ 2 తగ్గుతుంది, చివర వచ్చినవారికి 1 పెరుగుతుంది. రెండు నెలల తర్వాత మామూలే. రెండోసారి వరసగా గెలవడం ఈ కట్టుబాటు వల్ల కష్టమైంది, మా పుస్తకంలో అలా గెలిచినవాళ్లు ముగ్గురే. వాళ్ల పేర్ల పక్కన నక్షత్రం గుర్తు ఉంది.

డబ్బు పందెం పెట్టకండి. ఇది నేను బలంగా చెప్తున్నాను. హోల్‌కు వంద అని మొదలవుతుంది, ఏడాది తిరిగేసరికి వెయ్యి అవుతుంది. అప్పుడు రెండడుగుల పట్ స్నేహితుడి పట్‌గా కనపడదు. తెలంగాణలో డబ్బు పెట్టి ఆడే ఆటల మీద చట్టం కూడా కఠినంగానే ఉంది. హ్యాండీక్యాప్ పోటీల్లో అమెచ్యూర్లకు నగదు బహుమతి ఇవ్వడం గోల్ఫ్ రూల్స్ ప్రకారమూ కుదరదు. మా దగ్గర ఓడిన జంట దారిలో చిట్యాల దగ్గర అందరికీ టిఫిన్ పెట్టిస్తుంది. విజేతకు పోచంపల్లి కండువా కప్పుతాం. అది ఒక్కటే కండువా, ఆయన నెల రోజులు ఇంట్లో ఉంచుకుని మళ్లీ తేవాలి. అంచు మీద ప్రతి విజేత పేరు మొదటి అక్షరం దారంతో కుట్టిస్తాం. ఇప్పుడు ఒక వైపు అంచు నిండిపోయింది. మీకు నారాయణపేట నేత ఉంది, గద్వాల ఉంది. మంచి కండువా ఒకటి నేయించుకోండి. దాని కోసం పెద్దమనుషులు ఎంత పట్టుదలగా ఆడతారో మీరే చూస్తారు.

కొత్తవాళ్ల గురించి ఇంకొక మాట. నెలకోసారి ఆడితే ఎవరి ఆటా మెరుగుపడదు. హైదరాబాద్ వంద కిలోమీటర్లు, వారం వారం పోలేం. మేం ఊరి బయట ఒక బత్తాయి తోట పక్కనున్న బీడు చెలకను అడిగి తీసుకుని ఆరు చిన్న హోల్స్ వేసుకున్నాం. పొడవైనది 90 గజాలు. గ్రీన్ పెంచే నీళ్లు మన దగ్గర ఎక్కడివి? అందుకని బ్రౌన్లు చేశాం. ఇసుకలో వాడేసిన ఇంజన్ ఆయిల్ కొద్దిగా కలిపి చదును చేస్తే బంతి బాగా దొర్లుతుంది. మన దేశంలో చిన్న కోర్సుల్లో, కంటోన్మెంట్లలో ఎన్నో ఏళ్లు ఇలాగే ఆడారు. పట్ కొట్టే ముందు గోనెసంచికి తాడు కట్టి గుంట దాకా ఒక దారి లాగుతాం. చెలకలో రాళ్లు ఎక్కువ కాబట్టి బంతిని ఆరంగుళాలు జరుపుకోవచ్చని పెట్టుకున్నాం. తోట కంచె దాటితే అవుట్. ఆదివారం సాయంత్రం గంటన్నర చాలు. కొత్తవాళ్ల షాట్లు తగ్గేది డ్రైవర్ అనే పెద్ద కర్రతో కాదు, ఈ 90 గజాల లోపలే. మా మేడమ్ హ్యాండీక్యాప్ రెండేళ్లలో 38 నుంచి 24కు వచ్చింది, అంతా ఆ చెలక మీదే. ఒక్క జాగ్రత్త, ఆయిల్ ఇసుక తోట కాలువకు దూరంగా ఉండాలి. రైతుకు నష్టం చేసి ఆడే ఆట మనకొద్దు.

ప్రయాణం గురించి. మీరు జడ్చర్ల, షాద్‌నగర్ మీదుగా 44వ నంబర్ హైవే మీద తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరుతారు కదా. ఆ రాత్రి సరిగ్గా నిద్రపోయినవాడే బండి నడపాలి, ఎవరు నడుపుతారో ముందు రోజే తేల్చుకోండి. రౌండ్ అయ్యాక ఇంటికి చేరేదాకా మందు వద్దు. మా గుంపులో ఈ కట్టుబాటు తప్పినవారు ఒక నెల ఆడకూడదు.

పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది చివరిగా తేల్చాల్సిన విషయం. మీ ఎప్పుడూ గెలిచే ఇద్దరిలో ఒకరి దగ్గర మాత్రం వద్దు, వాళ్లు ఎంత నిజాయితీపరులైనా సరే. మధ్యలో ఉండే ముగ్గురిలో లెక్కలంటే ఇష్టమున్నవారికి ఇవ్వండి. కార్డు మీద ఆడినవారూ, రాసినవారూ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఫోన్‌లో ఫోటో తీసి ఆ రోజే గ్రూపులో పెట్టాలి. హ్యాండీక్యాప్ మారితే ఎందుకు మారిందో పక్కనే రాయాలి.

మొదటి మూడు రౌండ్ల కార్డులు అయ్యాక ఆ అంకెలు ఇక్కడే రాయండి. నేను కూర్చుని మీతోపాటు లెక్క వేస్తాను, తప్పులుంటే చెప్తాను. డిసెంబర్ చల్లదనంలో మా వాళ్లలో ఎనిమిది మందిని తీసుకుని వస్తాను. నాలుగు జంటలు మీవి, నాలుగు జంటలు మావి. పొద్దున జంటల మ్యాచ్‌లు తొమ్మిది హోల్స్, తర్వాత ఒక్కొక్కరు ఒక్కొక్కరితో తొమ్మిది. మొత్తం 12 పాయింట్లు, ఆరున్నర వచ్చినవాళ్లది గెలుపు. మీ నారాయణపేట కండువా, మా పోచంపల్లి కండువా రెండూ టీ పక్కన కుర్చీ మీద పెడదాం.